బోను నుంచి దొడ్లోకి: కావలి దగ్గర 12 లేయర్ పెట్టల డైరీ

జనవరి 4. ముందు లెక్కలు

గుడ్ల కోసం బోన్లలో పెట్టలను పెంచే లేయర్ ఫారంలో పెట్ట కాలం 72 నుంచి 80 వారాలు. గుడ్డు రేటు బాగుంటే ఇంకొన్నాళ్లు లాగుతారు. ఆ తర్వాత షెడ్డు ఒకేసారి ఖాళీ అవుతుంది, కూరకు కొనే వ్యాపారి కిలో లెక్కన లారీకి ఎత్తుకుంటాడు. ఆ ఎత్తే రోజున అడిగితే పది పన్నెండు కోళ్లు విడిగా తూచి ఇస్తారు. మామూలు రోజుల్లో బయటి మనిషిని షెడ్డు గడప తొక్కనివ్వరు, తొక్కనివ్వకూడదు కూడా.

అట్లా పన్నెండింటిని దొడ్లో పెంచుకోవడానికి తెచ్చేది సంక్రాంతి దాటాక అని నిర్ణయం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తడి. ఏప్రిల్ తర్వాత వడగాడ్పు. ఈకలు రాలిన కోడికి కొత్త ఈక దిగడానికి రెండు మూడు నెలలు కావాలి. జనవరి చివర్లో తెస్తే ఎండలు ముదిరే లోపు ఒంటి మీద బట్ట ఉంటుంది. మార్చిలో తెస్తే బోసి వీపుతోనే రోహిణి కార్తెలోకి వెళ్తుంది.

ఇంగ్లండులో బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్టు 2005 నుంచి ఇట్లాంటి కోళ్లను ఇళ్లకు ఇప్పిస్తోంది. వాళ్ల సలహాలు చాలామంది చదువుతారు, మంచివే. కానీ అక్కడి పెట్టలు ఎక్కువగా గోధుమరంగువి, నెమ్మదైనవి. మన ఫారాల్లో ఉండే బీవీ-300 లాంటి రకాలు తెల్ల లెగార్న్ జాతి రక్తం. చీమ చిటుక్కుమన్నా లేస్తాయి, ఒళ్లు కుదుటపడ్డాక నాలుగడుగుల గోడ వాటికి లెక్క కాదు. పైగా వాళ్ల భయం చలి, మన భయం ఎండ. బోసి కోళ్లకు ఊలు చొక్కాలు అల్లి తొడిగేవాళ్లు కూడా అక్కడ ఉన్నారు. కావలిలో మే నెలలో ఆ చొక్కా తొడిగితే అది కోడికి కాదు, కూరకు.

జనవరి 9–16. గూడు

కొలత 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ముందు ఎత్తు 6 అడుగులు, వెనక 5. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ పొట్టి గోడల మీదే పడుతుంది. ఒక్కో కోడికి రెండున్నర చదరపు అడుగుల పైన వస్తుంది. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం బోనులో కోడికి ఇవ్వాల్సిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితం కంటే తక్కువ. ఈ తేడా చూసి సంబరపడతాం గానీ, ఆ తేడాయే మొదటి వారంలో కోడికి కష్టం. ఆ సంగతి కింద వస్తుంది.

నేల దొడ్డి మట్టానికి అడుగు ఎత్తున గచ్చు. ఆరు సరివి కర్రలు, మూడంగుళాల లావువి, అడుగున్నర లోతు పాతాం. పాతే భాగానికి తారు పూయకపోతే రెండేళ్లలో చెద తినేస్తుంది. పైన జీఐ రేకు, దాని మీద నాలుగంగుళాల ఎడంతో అడ్డకర్రలు వేసి తాటాకు. ఆ ఎడం ముఖ్యం. తాటాకు నేరుగా రేకు మీద పరిస్తే వేడి దిగుతుంది, మధ్యలో గాలి ఆడితే దిగదు. గూటి లోపలి వైపు తాటాకు కనిపించకూడదు, మడతల్లో పేలు, మైట్లు కాపురం పెడతాయి. చూరు నలువైపులా రెండడుగులు బయటికి.

జాలీ దగ్గర పొదుపు చేయొద్దు. కోళ్ల జాలీ పేరుతో కొట్లో ఇచ్చే ఆరుపలకల తీగ కోడిని ఆపుతుంది, కుక్క దాన్ని పంటితో లాగి చించుతుంది, పిల్ల ముంగిస కన్నంలోంచే దూరుతుంది. నేల నుంచి మూడడుగుల దాకా అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ వేశాం, పైన మాత్రమే మామూలు జాలీ. ముంగిస గోడ వెంబడే తవ్వుతుంది, అందుకని మెష్‌ను అడుగు వెడల్పున బయటికి మడిచి నేల మీద పరిచి పైన మట్టి, రాళ్లు వేయాలి. లోతుగా పాతడం కంటే ఇదే తేలిక, పని కూడా చేస్తుంది.

గూటికి ఆనుకుని 12 అడుగులు, 10 అడుగుల ఆవరణ. పైన నైలాన్ వల, డేగకూ కాకులకూ.

లోపల కింద వరి ఊక మూడంగుళాలు. నెల్లూరు జిల్లాలో రైసు మిల్లు లేని ఊరు వెతకాలి కాబట్టి ఊకకు కరువు లేదు. తవుడు కలిసిన సన్న ఊక వద్దు, దుమ్ము లేచి కళ్లు, ముక్కులు మూసుకుంటాయి. గుడ్డు పెట్టడానికి మూడు కూరగాయల ప్లాస్టిక్ క్రేట్లు అడ్డంగా పడుకోబెట్టి ఎండుగడ్డి వేశాం. నాలుగు పెట్టలకు ఒకటి చాలు. కూర్చునే కర్రలు రెండంగుళాల లావు సరివివి, రెండు. వాటిని ఇప్పుడే పైకి కట్టలేదు, నేల మీదే పడేశాం.

జనవరి 18. దొడ్డి ఏరడం

ఒక రోజు పూర్తిగా దీనికే పట్టింది. బోనులో పెరిగిన కోడికి ఏది తిండో, ఏది చెత్తో తెలీదు. మెరిసేదాన్ని, తెల్లగా ఉన్నదాన్ని పొడుస్తుంది. మేకులు, తీగ ముక్కలు, గుట్కా పొట్లాలు, పూలదండల దారం, నైలాన్ పోగులు, అన్నిటికంటే ముందు థర్మోకోల్. థర్మోకోల్ దొరికితే దాణా వదిలి తింటాయి. గన్నేరు కొమ్మలు, ఆముదం గింజలు అందే చోట ఉండకూడదు. ఒంగోలు వైపు సుబాబుల్ ఇంటింటికీ ఉంది, మేకలకు వేసినట్టే కోళ్లకూ వేస్తారు. అందులోని మిమోసిన్ అనే పదార్థం కోళ్లకు మంచిది కాదు. ఆకు కావాలంటే మునగాకు.

జనవరి 21. తెచ్చిన రోజు

తెల్లవారుజామున 5 గంటలకు ఎత్తుడు. ఫారం వాళ్లను నాలుగు సంగతులు అడిగి రాసుకోవాలి: పిల్ల పుట్టిన తేదీ, కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా చివరి తేదీ, ఈ నెలలో నీళ్లలో కలిపిన మందులు, లైటు ఎన్ని గంటలు. ఇవి 80 వారాలవి, లైటు 16 గంటలు. అదే దాణా 25 కిలోలు కొని తెచ్చుకున్నాం. చోటు మారినప్పుడు దాణా కూడా మారితే తినడం మానేస్తాయి.

వదిలేయాల్సినవి: కళ్లు మూసుకుని ముడుచుకున్నవి, తుమ్మేవి, పచ్చగా పారుతున్నవి, పొట్ట నీళ్ల సంచిలా వేలాడుతున్నవి, గుడ్డు వచ్చే దారి బయటికొచ్చి నెత్తురు కనిపిస్తున్నవి. ఈకలు లేకపోవడం వంక కాదు, అది మళ్లీ వస్తుంది.

పట్టుకునే తీరులోనే సగం ప్రాణం ఉంది. గుడ్డు పెంకు ఐదారు గ్రాములు, అందులో రెండు గ్రాములకు పైగా కాల్షియం. అది రోజూ ఒంట్లోంచి పోవాలి. దాణాలో చాలకపోతే ఎముకలోంచి తీస్తుంది. ఏడాది పైన అట్లా తీశాక ఎముక సున్నపు పెళ్లలా పెళుసు. మామూలుగా చేసినట్టు కాళ్లు పట్టి తలకిందులుగా నాలుగేసి మోస్తే తొడ ఎముక, రొమ్ము ఎముక పుటుక్కుమంటాయి. ఒక చెయ్యి రొమ్ము కింద, రెండో చెయ్యి రెక్కల మీద. బోను తలుపు ఇరుకు కాబట్టి రెక్కలు ముడిచి తల ముందుగా తీయాలి. గోళ్లు తీగకు చుట్టుకుని ఉంటే విడదీశాకే లాగాలి. ఒక్కో క్రేటులో ఆరు, అంతకు మించి వద్దు.

ఇంటికొచ్చాక కొక్కెం త్రాసుకు సంచి తగిలించి తూచాం. సగటు 1.42 కిలోలు, అన్నిటికంటే తేలికది 1.18.

జనవరి 21–24. చీకటి, దాణా, నీళ్లు

గూటికి మూడు వైపులా గోనెపట్టా కట్టి మసక వెలుతురు చేశాం. ఆవరణ తలుపు తీయలేదు. వచ్చిన రోజే దొడ్లో వదిలి పరుగెత్తుతాయని చూసేవాళ్లు చాలామంది. అవి పరుగెత్తవు, మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగుది ఊపిరాడక పోతుంది. తీగ మీద తప్ప నడవని కాళ్లు అవి. పది అడుగులు వేస్తే తొడలు వణుకుతాయి.

నీళ్ల దగ్గర మొదటి చిక్కు. వాటికి తెలిసింది బోనులో పైనున్న నీటి గొట్టానికి ఉండే ఎర్ర నిపిల్‌ను ముక్కుతో తాకడం ఒక్కటే. మూకుట్లో నీళ్లు కళ్ల ముందున్నా దప్పికతో నిలబడతాయి. రెండు లీటర్ల సీసా అడుక్కు నిపిల్ బిగించి కోడి తల ఎత్తున వేలాడదీశాం, దాని కిందే మట్టి మూకుడు. నిపిల్ నుంచి కారే చుక్క మూకుట్లో పడి చప్పుడవుతుంటే రెండో రోజుకు ఎనిమిది మూకుడు పట్టాయి. మిగతా నాలుగింటికి ముక్కు కొన నీళ్లలో ముంచాల్సి వచ్చింది. ముక్కు కన్నాలు మునగకూడదు.

కోడికి రోజుకు పావు లీటరు లెక్క. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు. ఉప్పు నీళ్లతో విరేచనం పలచనవుతుంది, పెంకు పల్చబడుతుంది. మనుషులు తాగే నీళ్లే పోయాలి.

దాణా: ముక్కు కొన కత్తిరించిన కోడి నేల మీద గింజ ఏరలేదు, కిందిపెదవి, పైపెదవి కలవవు. లోతైన పళ్లెంలో రెండంగుళాల మందాన మాష్, అంటే పొడి దాణా, ఉంటే తోడుకుని తింటుంది. తలకు 110 గ్రాములు. 12 కోళ్లకు రోజుకు 1.3 కిలోలు, 50 కిలోల బస్తా 38 రోజులు. పళ్లేలు మూడు, మూడు చోట్ల. వేర్వేరు బోన్ల నుంచి వచ్చినవి ఒకదానికొకటి కొత్త. ఒకే పళ్లెం పెడితే రెండు గట్టివి కాపలా కాస్తాయి, బక్కది మాడుతుంది.

గుడ్లు మొదటి మూడు రోజులు 7, 5, 2. రెండు తోలుగుడ్లు.

జనవరి 24. ఒకటి పోయింది, 1.18 కిలోల పెట్టే. పొట్ట కోసి చూస్తే లోపల పచ్చసొన గడ్డలు. గుడ్డు నాళంలోకి దిగక పొట్టలో పడి కుళ్లే జబ్బు ఇది. ఈ జాతికి ఇది తప్పదన్నట్టే వస్తుంది, ఏడాదికి మూడు వందల పైన పెట్టేలా పెంచిన ఒళ్లు కదా. ముందుగా కనిపించే గుర్తు, పెంగ్విన్ పక్షిలా నిటారుగా నిలబడటం, పొట్ట కింద చేతికి మెత్తగా తగలడం. మందుతో నిలబడేవి తక్కువ.

జనవరి 26. గోళ్లు, పేలు

ఒక్కో గోరు అంగుళంన్నర, వంకర తిరిగి ఉంది. గీకే పని లేక పెరిగినవి. లైటు వెనక పెట్టి చూస్తే గోరులో నెత్తురు గీత కనిపిస్తుంది, దానికి పావంగుళం ఇవతల నెయిల్ కట్టర్‌తో. నెత్తురు వస్తే పసుపు అద్ది నొక్కి పట్టాలి.

తోక కింద ఈకల మొదట్లో పిండి ముద్దల్లా కనిపించేవి పేల గుడ్లు. ముక్కు కత్తిరించిన కోడి ఒళ్లు దువ్వుకోలేదు, కాబట్టి పేలు ఎక్కువే ఉంటాయి. పశువైద్యుడు రాసిచ్చిన పొడి చల్లి, పది రోజులకు మళ్లీ చల్లాం. గుడ్ల నుంచి రెండో విడత పేలు వస్తాయి, ఒకసారి చల్లి ఊరుకుంటే చల్లనట్టే. పొగాకు పండే జిల్లా కాబట్టి పొగాకు కషాయంలో కోడిని ముంచే అలవాటు కొందరికి ఉంది. బోసి చర్మం నికోటిన్‌ను పీల్చుకుంటుంది, పేలతో పాటు కోడి పోతుంది.

జనవరి 27 – ఫిబ్రవరి 3. బయటికి

మొదటి రోజు పొద్దున 7 గంటలకు, 20 నిమిషాలు, వేపచెట్టు నీడలో. తర్వాత రోజుకు పది నిమిషాలు పెంచుతూ వెళ్లాం. ఫారం షెడ్డులో ఎండ తగలని వీపు అది, జనవరి ఎండకే కందుతుంది. ఎర్రగా కమిలిన చోట మిగతావి పొడవడం మొదలెడతాయి. నెత్తురు చుక్క కనిపించిన గంటలో గుంట చేస్తాయి. గాయమైనదాన్ని వెంటనే విడదీసి వేపనూనె, పసుపు కలిపి పూస్తే రంగు మారుతుంది, వాసనకు పొడవవు.

ఆరో రోజున ఒక పెట్ట కాలితో నేల గీకింది. మిగతా పది దాన్ని చూస్తూ నిలబడ్డాయి. మర్నాటికి నాలుగు, వారం లోపు అన్నీ. దుమ్ములో పొర్లడం ఇంకా ముందే వచ్చింది. పాత టైరులో సన్న ఇసుక, జల్లించిన కట్టెల బూడిద మూడుకు ఒకటి పాళ్లలో పోశాం. బూడిద తడవకూడదు, తడిస్తే చర్మాన్ని కాలుస్తుంది.

గింజ తొందరపడి వేయొద్దు. జీవితమంతా మాష్ తిన్న కోడికి కందనకాయ చిన్నగా, మెత్తగా ఉంటుంది. పదో రోజు నుంచి సన్న రాళ్లు విడిగా పళ్లెంలో, ఇంకో వారానికి సజ్జలు తలకు 5 గ్రాములు, అక్కడి నుంచి 15 దాకా. ఆకుకూర వేలెడు పొడవు కోసి వేయాలి. పొడుగు గడ్డి, కొబ్బరి పీచు మింగితే మేతసంచిలో ఉండలా చుట్టుకుంటుంది. రాత్రి నిండిన మేతసంచి పొద్దున్నే ఖాళీగా ఉండాలి. తడిమి చూస్తే గట్టిగా తగిలిందంటే ఆ పూట మేత ఆపి డాక్టరుకు చూపించాలి.

పొద్దుగూకాక గూట్లోకి వెళ్లాలని వాటికి తెలీదు. ఉన్నచోటే కూలబడతాయి. తొమ్మిది రాత్రులు ఒక్కొక్కదాన్నీ ఎత్తి కర్ర పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 8. నెత్తుటి విరేచనం

రెండు పెట్టలు ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నాయి, రెట్టలో నెత్తురు జీర. కాక్సిడియా అనే పేగు క్రిమి. తీగ మీద పెరిగిన కోడి తన రెట్ట తాను తొక్కదు, అందుకే ఆ క్రిమి దానికి తగల్లేదు, తట్టుకునే శక్తీ రాలేదు. నేల మీదికి దించిన రెండు మూడు వారాలకు ఇది రావడం మామూలే. అదే రోజు డాక్టరు ఆంప్రోలియం రాశారు, నీళ్లలో కలపాలి, మిగతా నీటి పాత్రలన్నీ తీసేయాలి. నీటి మూకుడు చుట్టూ రెండడుగుల మేర ఊక ముద్దగా ఉంది, అసలు కారణం అదే. ఆ ఊక తీసి పారేసి, మూకుడును ఇటుకల మీద జాలీ పరిచి దాని మీద పెట్టాం. మళ్లీ రాలేదు.

పక్క దొడ్లో నాటుకోళ్లున్నాయి. 30 రోజులు వాటినీ వీటినీ కలవనివ్వలేదు. చెప్పులు కూడా వేరు. తెచ్చిన కోడికి నాటుకోడి నుంచే జబ్బు వస్తుందని అనుకుంటారు, ఎదురు దారి కూడా ఉంది. మారెక్స్ అనే గడ్డల జబ్బుకు టీకా వేసిన లేయర్‌కు గడ్డలు రావు గానీ ఆ క్రిమిని ఈకల పొట్టుతో వదులుతూనే ఉండగలదు. టీకా లేని నాటు పిల్లలకు అది చేటు. మన దొడ్లో పొదిగించిన పిల్లలుంటే వీటిని తేకపోవడమే నయం.

ఫిబ్రవరి 12 – మార్చి 20. గుడ్డు ఆగింది, ఈక దిగింది

ఫిబ్రవరి మొదటి వారానికి గుడ్లు సున్నా. ఫారంలో 16 గంటల వెలుతురు, ఇక్కడ ఈ నెలలో పగలు పదకొండున్నర గంటల చిల్లర. జూన్‌లో కూడా మన దగ్గర 13 గంటలు దాటదు. వెలుతురు తగ్గగానే ఒళ్లు గుడ్డు ఆపి ఈకల మీద పడుతుంది. బల్బు వెలిగిస్తే గుడ్లు తిరిగొస్తాయని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వెలిగించొద్దు. గుడ్డు పెట్టినన్నాళ్లూ పెట్ట గట్టి ఎముక కట్టదు, ఆపినప్పుడే కడుతుంది. ఈ ఆరేడు వారాలే ఎముకకు దొరికే సెలవు.

ఈక దాదాపు అంతా మాంసకృత్తే. లేయర్ మాష్ అట్లాగే ఉంచి, ఎండు నెత్తళ్ల పొడి తలకు 8 గ్రాములు కలిపాం. జువ్వలదిన్నె వైపు నుంచి ఉప్పు వేయనివి అడిగి తెచ్చుకోవాలి, కూరకు అమ్మే ఉప్పుచేప అస్సలు వద్దు. వేరుశనగ చెక్క చవక గానీ బూజు పట్టింది కలిస్తే కాలేయం పోతుంది, తెలిసిన గానుగ దగ్గర తాజాది తప్ప ముట్టుకోలేదు.

కొత్త ఈక నీలం గొట్టంలా పొడుచుకు వస్తుంది, లోపల నెత్తురు ఉంటుంది. ఈ రోజుల్లో కోడిని పట్టుకుంటే దానికి నొప్పి, విరిగితే ధారగా కారుతుంది. తూకాలు, తనిఖీలు అన్నీ మానేశాం.

కర్రలు: నాలుగో వారం 8 అంగుళాల ఎత్తుకు, ఏడో వారం ఒకదాన్ని 14కు. ఎక్కేటప్పుడు కాదు, దూకేటప్పుడే రొమ్ము ఎముక విరుగుతుంది. అందుకని పలక ఏటవాలుగా వేశాం. గుడ్ల క్రేట్లు కర్ర కంటే కింద ఉండాలి, పైనుంటే రాత్రి వాటిలోనే పడుకుని రెట్టలు వేస్తాయి.

మార్చి 14న మొదటి గుడ్డు. మార్చి 20కి రోజుకు మూడు. ఆల్చిప్పల గుల్ల గోధుమగింజ సైజుకు దంచి విడి పళ్లెంలో పెట్టాం, మాష్‌లో కలపలేదు. పెట్టే పెట్ట తింటుంది, పెట్టనిది ముట్టదు.

ఏప్రిల్ 10 – జూన్ 8. ఎండ

ఈ ప్రాజెక్టులో అసలు పరీక్ష ఇదే.

కోడి ఒంటి వేడి 41 డిగ్రీల చుట్టూ. గాలి వేడి అంతకు దాటితే ఒళ్లు గాలికి వేడి వదలలేదు, నోరు తెరిచి రొప్పడం ఒక్కటే దారి. కావలి లాంటి చోట్ల మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే గండం గట్టెక్కినట్టే. పడమటి గాలి గట్టిగా కొట్టి సముద్రపు గాలిని రానివ్వని రోజు చంపే రోజు.

పాటించిన పద్ధతి: పొద్దున 5 నుంచి 9 దాకా మేత, తర్వాత పళ్లేలు తీసేయడం, సాయంత్రం 5కు మళ్లీ పెట్టడం. తిన్న నాలుగైదు గంటలకు అరుగుదల వేడి బాగా పెరుగుతుంది. 10 గంటలకు తిన్న కోడికి అది సరిగ్గా 2, 3 గంటల మధ్య వచ్చి కూర్చుంటుంది. నీళ్లు మాత్రం రోజంతా, తలకు అర లీటరు దాకా తాగాయి. నల్ల సింటెక్స్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం కాగి ఉంటాయి, కోడి ముక్కు పెట్టి వెనక్కి తీసుకుంటుంది, దప్పికతోనే ఉంటుంది. కొత్త మట్టి మూకుళ్లు, చెట్టు నీడ, రెండు గంటలకోసారి మార్పు. వెడల్పాటి పళ్లెంలో రెండంగుళాల నీళ్లు పోస్తే కాళ్లు పెట్టి నిలబడ్డాయి.

తడి గోనెపట్టా పడమటి వైపే కట్టాలి, పొడిగాలి కొడుతున్నప్పుడే తడపాలి. సముద్రపు గాలి తిరగ్గానే విప్పేయాలి. ఆ గాలిలో ముందే తేమ ఉంటుంది, ఇంకా తడిపితే ఉక్కపోత పెరిగి రొప్పినా వేడి పోదు.

మే 27న ఒకటి పోయింది. ఊరకుక్కలు తిరుగుతున్నాయని ఆ మధ్యాహ్నం ఆవరణ మూసి కోళ్లను గూట్లోనే ఉంచారు, పళ్లెంలో మేత మిగిలి ఉంది, గోనెపట్టా మూడు వైపులా దించి ఉంది. మూడూ కలిశాయి. గాలి ఆడలేదు. మిగతా పదింటిలో రెండు రెక్కలు జార్చి నోరు తెరిచి పడున్నాయి. వాటి కాళ్లు, పొట్ట కింది భాగం మామూలు నీళ్లలో ముంచి పట్టుకుంటే పావుగంటకు తేరుకున్నాయి. ఐసు నీళ్లు వాడకూడదు, చర్మం దగ్గర నెత్తురు బిగుసుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత గోనెపట్టా దించేది ఒక్క పడమటి వైపే, పై అడుగు ఎప్పుడూ తెరిచే.

గుడ్లు ఈ రెండు నెలలూ రోజుకు రెండు, మూడు. పెంకు పల్చన. రొప్పినప్పుడు నెత్తుట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు కట్టే సున్నం చాలకుండా పోతుంది. గుల్ల ఎంత పెట్టినా ఆ రోజుల్లో బాగుపడదు.

జులై 12. టీకా

కొక్కెర తెగులుకు లసోటా. ఫారంలో వేసినదాని బలం ఈపాటికి తగ్గుతుంది. సీసా చూస్తే 100 లేదా 200 డోసులు, ఇక్కడున్నవి 10 కోళ్లు. కలిపిన మందు రెండు గంటల్లో అయిపోవాలి. వీధిలో నాటుకోళ్లున్న ఐదిళ్లకు ముందు రోజే చెప్పి, పొద్దున్నే పశుసంవర్ధక సహాయకుడితో అందరికీ ఒకేసారి కంట్లో చుక్క వేయించాం. వీధి కోళ్లకు పడితే మన కోళ్లకు కాపలా పడినట్టే. సీసా ఐసు ఫ్లాస్కులోనే తేవాలి.

బర్డ్ ఫ్లూ మాట కూడా ఇక్కడే. 2024 ఫిబ్రవరిలో ఈ జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చచ్చి, పరీక్షలో అదే తేలింది. చలికాలంలో చెరువులకు వలస పక్షులు దిగుతాయి, ఆ నెలల్లో చెరువు గట్టుకు కోళ్లను వదలొద్దు, చెరువు నీళ్లు పోయొద్దు. ఒకటి రెండు రోజుల్లో కారణం లేకుండా రెండు మూడు పోతే కోసి చూడొద్దు, పూడ్చి దాచొద్దు. పశువుల సహాయవాణి 1962కు గానీ దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ ఫోను.

సెప్టెంబరు 30

పది కోళ్లు. సగటు 1.56 కిలోలు. గుడ్లు రోజుకు నాలుగు, ఐదు. రెండు పెట్టలు అసలు పెట్టవు. మేత రోజుకు కిలో. గుడ్డు ఖర్చు లెక్కేస్తే అంగట్లో కొనుక్కోవడమే చవక, ఆ లెక్క కోసం ఎవరూ వీటిని తేవొద్దు. ఒక పెట్టకు పొట్ట కింద మెత్తదనం మొదలైంది, వారానికోసారి తడిమి చూస్తున్నాం.

రెక్కల బలం వచ్చింది. రెండు రోజుల కింద ఒకటి ప్రహరీ ఎక్కి కూర్చుంది. ఒక రెక్క పెద్ద ఈకలు, నెత్తురు లేని ఎండిన భాగం వరకు, సగానికి కత్తిరించాం. రెండు రెక్కలూ కత్తిరిస్తే సమంగా ఎగురుతుంది, ఒక్కదే కత్తిరించాలి.

అక్టోబరు 6. వానలకు ముందు

పాత ఊక మొత్తం తీసి నిమ్మచెట్ల పాదుల్లో వేశాం, చెట్టు మొదలుకు అడుగు దూరంగా, పచ్చి రెట్ట వేళ్లను కాలుస్తుంది. గచ్చుకు సున్నం కొట్టి మూడు రోజులు ఎండనిచ్చాం. కొత్త ఊక ఈసారి నాలుగంగుళాలు, వారానికి రెండుసార్లు తిరగేయాలి. మోకాళ్ల మీద కూర్చుని ముక్కు ఊక దగ్గర పెట్టినప్పుడు కళ్లు మండితే మార్చే సమయం దాటిపోయినట్టు, కోడి ముక్కు ఎప్పుడూ ఆ ఎత్తులోనే ఉంటుంది.

ఇంకా మిగిలినవి: తూర్పు, ఉత్తరం వైపులకు టార్పాలిన్, పైన అడుగు ఖాళీతో, రేకు అంచులకు నాలుగు మూలలా తీగ లాగి గూటం, ఆవరణలో నీళ్లు నిలిచే ఈశాన్యం మూల రెండు తట్టల గ్రావెల్, బస్తా దాణా నేల మీద నుంచి తీసి చెక్క మీద పెట్టడం.